నీళ్ళు తొంగున్నాయి, లేపకండి

మీరడిగింది ఇది: "మా అమ్మమ్మకి ఎనభై నాలుగేళ్ళు. ఆవిడ చేసే ప్రతి వింత పని వెనకా సైన్సు ఉందని మా మావయ్యలు వాట్సాప్‌లో పెడుతుంటారు. మా ఆయనేమో అదంతా ఉత్త చాదస్తం అంటారు. పాతరోజుల్లో సెలవులన్నీ పల్లెలో ఇలాంటి అమ్మమ్మల దగ్గర గడిపినవాళ్ళు చెప్పండి, ఎవరి మాట నిజం?"

ఇద్దరిదీ కాదండి. కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదవండి. ఈ విషయంలో మాట్లాడ్డానికి నాకు రెండు అర్హతలున్నాయి. 1971 నుంచి 1982 దాకా పన్నెండు వేసవులు కోనసీమలో మా అమ్మమ్మ దగ్గర పెరిగాను. ఆ తర్వాత ముప్పై రెండేళ్ళు తాగునీటి శుద్ధి కేంద్రాల్లో కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. అంటే ఆవిడ చేసిన పనుల్లో కొన్నిటిని ఆ తర్వాత ప్రయోగశాలలో గాజు బీకర్లలో పెట్టి చూసుకునే వీలు నాకు దొరికింది. కొన్ని నిలబడ్డాయి, కొన్ని నిలబడలేదు. కొన్ని అసలు బీకర్లో పట్టవు.

మా అమ్మమ్మ ఎలాంటి మనిషో తెలియాలంటే ముందొక్క సంగతి చెప్పాలి. ఆవిడ ఇంట్లో చెప్పులేసుకునేది, బయటికెళ్ళేటప్పుడు విప్పేసేది. పొలం గట్టు మీదా, కొబ్బరితోటలోనూ, తుమ్మముళ్ళ కాలవగట్టు మీదా వట్టి కాళ్ళే. ఇంటికొచ్చి, గోలెం దగ్గర కాళ్ళు కడుక్కుని, చీర కుచ్చిళ్ళతో తుడుచుకుని, గడప లోపల పెట్టుకున్న తోలుచెప్పులు తొడుక్కుని, ఇల్లంతా టపటపా తిరిగేది. దేవుడి గూటి ముందు మాత్రం విప్పేది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. మా పిన్నిని చూసుకోడానికి పెళ్ళివారొస్తే, వీధి చివరే వాళ్ళకి ఎవరో ఒకరు ముందుగా చెప్పి పంపేవారట, లోపలికెళ్ళాక కంగారు పడకుండా. ఎందుకే అమ్మమ్మా అంటే "నా కాళ్ళు, నా చెప్పులు" అనేది. అసలు కారణం తెలియడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది. అది చివర్లో చెప్తాను.

నాన్నగారి ఉద్యోగం హైదరాబాద్‌లో. పరీక్షలైన మర్నాడు బయల్దేరేవాళ్ళం. 1974లో గోదావరి ఎక్స్‌ప్రెస్ వచ్చాక ప్రయాణం కాస్త సుఖపడింది. రాజమండ్రిలో దిగి, తెల్లారేదాకా స్టేషన్లోనే పెట్టెల మీద కూర్చుని, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి బస్సు. అక్కడ గౌతమి దాటాలి. వేసవిలో గోదారి సన్నబడి ఇసుక తిన్నెలు బయటపడేవి. ఆ ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి, లాంచీ ఎక్కి, అవతల ముక్తేశ్వరం రేవులో దిగితే, మావయ్య ఒంటెద్దు బండి కట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. మేం ఎప్పుడొస్తామో అమ్మమ్మకి ముందే తెలుసన్నమాట. ఎలా తెలుసంటే, నీడ చెప్పింది అనేది.

ఆ నీడ సంగతి.

ఇల్లు మండువా లోగిలి. నాలుగు పక్కలా వసారాలు, మధ్యలో పైకప్పు లేని మండువా. తాతయ్య ముచ్చటపడి పోయించిన నున్నటి ఎర్ర గచ్చు. ఆ మండువా నడిమధ్యలో రోలు. అమ్మమ్మ పొద్దున్నే ఆ రోట్లో రోకలిని నిటారుగా నిలబెట్టి, కదలకుండా చుట్టూ కొబ్బరిపీచు కూరేది. రోకలి నీడ గచ్చు మీద ఎక్కడెక్కడ పడుతుందో అక్కడల్లా వేలితో సున్నం చుక్క. ఒకటి గేదెల్ని తోలే చుక్క, ఒకటి పొయ్యి రాజేసే చుక్క, ఒకటి లాంచీ చుక్క. పదిరోజులకోసారి పాత చుక్కలు చెరిపి కొత్తవి పెట్టేది, నీడ దారి మారుతుంది కాబట్టి. తాతయ్య ఆ చుక్కల్ని చూసి ఏమీ అనకుండా కండువా దులుపుకుని వీధిలోకి వెళ్ళిపోయేవాడు.

మావయ్యకి హెచ్‌ఎంటీ వాచీ ఉండేది. రేడియోలో వార్తలకి ముందు వచ్చే కీ కీ శబ్దాలకి సరిచేసుకుని, మిట్టమధ్యాహ్నం రోకలి దగ్గర నిలబడి పరీక్ష పెట్టేవాడు. ఎప్పుడు చూసినా రెండు మూడు నిమిషాలు తేడా, అంతే. "మీ రేడియో అయినా ఎండలో కూర్చుని చెప్తుందేంట్రా" అనేది అమ్మమ్మ. మావయ్య ఓడిపోయిన మొహంతో వాచీకి కీ ఇచ్చుకుంటూ పోయేవాడు.

ఇది ఆవిడ గొప్పా? సగమే. మన దేశం మొత్తానికి గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానికి పెట్టి ఉంది. ఆ గీత కాకినాడకి కాస్త తూర్పుగా పోతుంది. మా ఊరు సుమారు 82 డిగ్రీల దగ్గర. సూర్యుడికి ఒక్కో డిగ్రీ దాటడానికి 4 నిమిషాలు కాబట్టి, మా ఊరి అసలు మధ్యాహ్నానికీ రేడియో మధ్యాహ్నానికీ తేడా సగటున రెండు నిమిషాలే. ఇదే రోకలిని ముంబైలో నిలబెడితే దాదాపు నలభై నిమిషాలు ఆలస్యంగా మధ్యాహ్నం చూపిస్తుంది. అంటే అమ్మమ్మ నీడ పద్ధతి సరైనదే కానీ, రేడియోని ఓడించింది మాత్రం ఆవిడ పుట్టింటివాళ్ళు సంబంధం చూసిన ఊరు. వేరే రాష్ట్రానికి ఇచ్చి ఉంటే మావయ్యే గెలిచేవాడు.

అయితే ఒకటుంది, దానికి నేనిప్పటికీ దణ్ణం పెడతాను. మే నెల మొదటి వారంలో ఒక రోజు పొద్దుటి నుంచీ ఆవిడకి హడావుడి. పంచాంగంలో ఏమీ ఉండదు, పండగ కాదు, ఏకాదశి కాదు. పన్నెండవుతుండగా పిల్లలందర్నీ మండువాలోకి లాక్కొచ్చి రోలు చుట్టూ నిలబెట్టేది. కాళ్ళు కాలిపోయేవి. ఒంటికాలి మీద ఒకరు, మడమల మీద ఒకరు గెంతుతుంటే, "కదలకండెహె, చూడండి" అని గదమాయించేది. రోకలి నీడ కుంచించుకుని కుంచించుకుని, రోటి అంచు దాకా వచ్చి, లోపలికి జారిపోయేది. గచ్చు మీద నీడ లేదు. మా నీడలూ మా కాళ్ళ కిందే. మా పిన్ని కొడుకు తన నీడ ఎవరో ఎత్తుకుపోయారని ఏడుపు లంకించుకునేవాడు. "ఇవాళ సూర్యుడు రోట్లో తలపెట్టాడర్రా" అని అమ్మమ్మ చప్పట్లు కొట్టేది. తర్వాత తలా ఒక బెల్లం ముక్క. ఆ రోజు పేరు మా ఇంట్లో 'రోటి పండగ'. ఊళ్ళో ఇంకెవరికీ ఆ పండగ లేదు. మా అమ్మకి అది కాస్త సిగ్గుగా కూడా ఉండేది.

నలభై దాటాక ఒక ఖగోళశాస్త్ర వ్యాసం చదువుతూ ఉలిక్కిపడ్డాను. 'నీడ లేని రోజు' అని దానికో పేరుందిట. కర్కట రేఖకీ మకర రేఖకీ మధ్య ఉన్న ఊళ్ళన్నిటికీ ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మా ఊరి అక్షాంశానికి లెక్క కడితే మే 6 దరిదాపుల్లో. రెండోది ఆగస్టు మొదటి వారంలో, అప్పటికి మేం బళ్ళో ఉంటాం, పైన మబ్బు. ఢిల్లీ వాళ్ళకి జన్మలో రాదు. మా అమ్మమ్మకి అక్షరాలు కూడబలుక్కుని చదవడం తప్ప ఏమీ రాదు. ఎవరూ చెప్పలేదు. ఏళ్ళ తరబడి చుక్కలు పెడుతూ పెడుతూ తనే పట్టుకుంది.

కానీ మీ మావయ్యలకి ఒక మాట చెప్పండి. దీంట్లో 'ఆరోగ్య రహస్యం' ఏమీ లేదు. చూడ్డానికి బావుంటుంది, అందుకని చూసింది.

అణాల గొడవ చిన్నదే గానీ చెప్పకుండా ఉండలేను. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. రూపాయికి పదహారణాలు పోయి వంద పైసలు. అణాకి ఆరు పైసలని లెక్క. పదహారు ఆర్లు తొంభై ఆరు. మిగతా నాలుగు పైసలూ ప్రభుత్వం మింగిందని ఆవిడ వాదన. నేను ఆరో తరగతిలో దశాంశాలు నేర్చుకుని వెళ్ళి, అణా అంటే ఆరుంపావు పైసలే అమ్మమ్మా అని నచ్చచెప్పబోయాను. "ఆ పావు ఏదీ, చూపించు" అంది. చూపించలేకపోయాను. మార్పిడి లెక్కలో రెండణాలకి పన్నెండు పైసలు, మూడణాలకి పంతొమ్మిది. మొదటిదాంట్లో అర పైసా తగ్గుతుంది, రెండోదాంట్లో పావు పైసా పెరుగుతుంది. అందుకని ఆవిడ ఇచ్చేటప్పుడు రెండణాల చొప్పున, పుచ్చుకునేటప్పుడు మూడణాల చొప్పున లెక్కేసేది. 1975లో కూడా! పాలు పోయించుకునేవాళ్ళు నవ్వుకుంటూ ఇచ్చేసేవారు.

ఆవకాయ గురించి ఎవర్నడిగినా చెప్తారు, నేను దాటేస్తున్నాను. తాటిముంజలు, డొల్లలతో చేసిన బళ్ళు, మామిడిపళ్ళ కింద వరిగడ్డి వాసన, ఇవీ అంతే. అసలు విషయం నీళ్ళు.

డెల్టా అంటే ఎటు చూసినా నీళ్ళే అనుకుంటారు బయటివాళ్ళు. వేసవిలో వచ్చి చూడాలి. ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మా బతుకంతా కాలవల మీదే. ఆ కాలవల్ని మరమ్మతుల కోసం ఏప్రిల్లో కట్టేసి మళ్ళీ జూన్‌లో వదిలేవారు. కట్టేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. నెలన్నర పైగా ఆ చెరువే గతి. నూతి నీళ్ళు వేసవిలో ఉప్పదేరి గిన్నెలు తోమడానికే పనికొచ్చేవి. మే నెలాఖరుకి చెరువు అడుగంటి, బిందె ముంచితే టీ రంగు నీళ్ళు వచ్చేవి.

ఆ నీళ్ళని అమ్మమ్మ ఎలా తేర్చేదో చెప్తాను. పడమటి వసారాలో ఇసుక తిన్నె మీద నాలుగు మట్టికుండలు. చిల్లగింజ తెలుసా మీకు? ఇండుపు గింజ అంటారు, సంస్కృతంలో కతకం. బొత్తాం అంత, గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. దాన్ని తడిపి, ఖాళీ కుండ లోపలి గోడకి గుండ్రంగా అరగదీసేది. గరగరమని చప్పుడు. కుండ గోడకి పల్చటి తెల్లటి జిగురు పూతలా పడేది. వేళ్ళతో ముట్టుకుని చూసి, చాలదనిపిస్తే ఇంకో నాలుగు చుట్లు. అప్పుడు చెరువు నీళ్ళు పల్చటి గుడ్డలోంచి వడగట్టి పోసి, కర్రతో కాసేపు నెమ్మదిగా తిప్పి, మూకుడు మూసేది. ఆ క్షణం నుంచి తెల్లారేదాకా ఆ వసారాలో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు.

"నీళ్ళు తొంగున్నాయి, లేపకండి."

పరిగెత్తకూడదు సరే, అర్థముంది, కుండ కదులుతుంది. కానీ మాట్లాడకూడదట. గుసగుసలే. తాతయ్య చుట్ట కాల్చుకుంటూ దగ్గొస్తే నోటికి కండువా అడ్డం పెట్టుకునేవాడు. ఒకసారి దూరపు బంధువెవరో వచ్చి అక్కడే కూర్చుని భూమి తగాదా గురించి అరుస్తుంటే, ఆవిడ చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని లేపి, గొడ్ల చావిట్లో కూర్చోబెట్టి వచ్చింది. పొద్దున్న మూకుడు తీస్తే, కుండలో అద్దంలా నీళ్ళు, అడుగున గోధుమరంగు మడ్డి. పైనీళ్ళు లోటాతో నెమ్మదిగా తీసుకోవాలి. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేది కాదు.

ఉద్యోగంలో చేరాక నా రోజువారీ పని సరిగ్గా ఇదే. బురదనీళ్ళలో సన్నటి మట్టి రేణువులకి రుణావేశం (నెగటివ్ ఛార్జి) ఉంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి, ఎన్నాళ్ళుంచినా పూర్తిగా దిగవు. మేం పటిక వేస్తాం. అది ఆ ఆవేశాన్ని పోగొడితే రేణువులు ముద్దలు కట్టి బరువెక్కి కిందకి దిగుతాయి. ముందు జోరుగా కలపాలి, తర్వాత నెమ్మదిగా తిప్పాలి, ఆ తర్వాత కదపకూడదు. చిల్లగింజలోని జిగురు పదార్థాలు కూడా రేణువుల్ని ఒకదానికొకటి అంటించి అదే పని చేస్తాయి. సూడాన్‌లో ఆడవాళ్ళు మునగ గింజలతో చేసేదీ ఇదే. ఒక వేసవి ఊరి నుంచి గింజలు పట్టుకొచ్చి, మా ల్యాబ్‌లో ఆరు బీకర్లు పెట్టి చూశాను. అమ్మమ్మ ఎన్ని చుట్లు అరగదీసేదో అంతే అరగదీసిన బీకరు అన్నిటికంటే బాగా తేరింది. ఎక్కువ వేసింది మళ్ళీ మసకబారింది. పటిక కూడా అంతే, మోతాదు మించితే పని చెడుతుంది.

గుసగుసల బీకరు కూడా ఒకటి పెట్టాను, నవ్వకండి. పక్కన రేడియో గట్టిగా పెట్టి వదిలేశాను. దానికీ నిశ్శబ్దంగా ఉంచినదానికీ తేడా ఏమీ రాలేదు.

చూశారా, ఒకే పనిలో రెండూ కలిసే ఉన్నాయి. గింజ నిజం, కదపకపోవడం నిజం, గుసగుస ఆవిడది. మీ మావయ్యలు మూడిటినీ సైన్సంటారు, మీవారు మూడిటినీ చాదస్తమంటారు.

ఇక్కడే ఇంకోటి కూడా చెప్పాలి. తేటగా ఉన్నవి మంచినీళ్ళు కావు. ఇది మా వృత్తిలో మొదటి రోజు నేర్పే పాఠం. చిల్లగింజ మట్టిని దింపుతుంది, రోగాన్ని పూర్తిగా దింపదు. మనుధర్మశాస్త్రం ఆరో అధ్యాయంలో ఒక శ్లోకముంది, కతకం పేరు పలికినంత మాత్రాన నీళ్ళు తేరవని. గింజ వేసినా నీళ్ళు కాచుకోవాలని కూడా ఎవరైనా రాసిపెట్టి ఉంటే బావుండేది. (ఈమధ్య చిల్లగింజలు ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. విషముష్టి చెట్టూ ఇదీ ఒకే ప్రజాతి. గింజ పోల్చుకోవడం తెలియనివాళ్ళు జోలికి పోకండి.)

1981 మే. మా పిన్ని కొడుకుకి ఆరేళ్ళు, నీడ పోయిందని ఏడ్చిన వాడి తమ్ముడు. తెల్లవారుజామున వాంతులు మొదలయ్యాయి, తర్వాత విరేచనాలు. దాహం దాహం అని ఏడుస్తున్నాడు. అమ్మమ్మ చుక్క నీళ్ళు ఇవ్వనివ్వలేదు. "కడుపులో పోసేకొద్దీ పోతుంది, ఎండగట్టాలి" అని. అది ఆవిడొక్కదాని నమ్మకం కాదు, ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో అదే మాట. మధ్యాహ్నానికి ఏడుపు ఆగింది. తగ్గిందనుకున్నాం. ఏడవడానికి నీళ్ళు లేక ఆగింది. కళ్ళు గుంటల్లోకి పోయాయి. మావయ్య వాడి పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే ఆ ముడత అలాగే నిలబడింది. నాకప్పటికి పదిహేడేళ్ళు, ఆ ముడత ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

మావయ్య వాణ్ణి భుజానేసుకుని సైకిలెక్కాడు. సర్కారు ఆసుపత్రిలో ఓ కుర్ర డాక్టరు. సెలైన్ ఎక్కిస్తూనే, మెలకువ రాగానే చెంచాతో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టమన్నాడు, ఎంత పోతే అంత పొయ్యమన్నాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా వచ్చి సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనాబిస్ అనే బెంగాలీ డాక్టరు ఇలాంటి నీళ్ళనే డ్రమ్ముల్లో కలిపించి వేలమందిని బతికించారు. పేగు ఉప్పుని పంచదారతో జోడిగా ఇస్తే పీల్చుకుంటుంది, విరేచనాలవుతున్నా సరే, దాంతోపాటే నీరూ లోపలికెళ్తుంది. అంటే అమ్మమ్మ నమ్మినదానికి సరిగ్గా తలకిందులు.

సాయంత్రానికి అమ్మమ్మ కూడా ఆసుపత్రికొచ్చింది, వట్టి కాళ్ళతో ఐదారు మైళ్ళు నడిచి. డాక్టరు ఆవిడ మీద అరవలేదు. గ్లాసు చేతికిచ్చి, మీరే పట్టండి మామ్మగారూ అన్నాడు. ఆవిడ పట్టింది. వాడు గటగటా తాగాడు. పావుగంట గడిచాక ఆవిడ డాక్టర్ని ఒకే ఒక్క మాట అడిగింది.

"ఇది అప్పుడు కూడా ఇవ్వాల్సిందా బాబూ?"

ఎప్పుడో ఆయనకేం తెలుసు? ఇప్పుడు ఇచ్చారుగా అన్నాడు. మా అమ్మ మాత్రం లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. మా అమ్మకీ మావయ్యకీ మధ్య ఇంకో బిడ్డ ఉండేవాడని ఆ రాత్రి మాకు మొదటిసారి తెలిసింది.

మర్నాటి నుంచీ కుండ తేర్చిన నీళ్ళని కాచడం మొదలైంది. గుసగుసల నియమం మాత్రం తీసెయ్యలేదు. మరుసటి ఏడు మేం వెళ్ళేసరికి వీధి అరుగు మీద ఒక గాజు సీసా, పక్కన చెంచా. లీటరు నీళ్ళకి తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఆవిడ దేన్నయినా సగంలో వదిలే మనిషి కాదు కదా. పోస్టుమాను, కొబ్బరి దింపువాళ్ళు, గాజులమ్మే ఆవిడ, గేటు తెరిచిన ప్రతివాళ్ళూ ఆ నీళ్ళు తాగాల్సిందే, రోగమున్నా లేకపోయినా. పోస్టుమాను మా ఉత్తరాలు పక్కింట్లో పడేసి పోవడం మొదలెట్టాడు. ముందు తను ఒక చుక్క నాలిక్కి రాసుకుని చూసేది, కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉంటే పారబోసేది. ఆ కొలత డాక్టరు చెప్పాడో, తనకే తోచిందో నేనడగలేదు. వైద్యులు ఇప్పటికీ చెప్పే కొలత అదే. ఈ రోజుల్లో ఓఆర్‌ఎస్ పొట్లాలు ప్రతి మందుల షాపులో ఉన్నాయి, అవే వాడండి, అంచనా కొలతలొద్దు.

అందుకే 'పాతకాలం వాళ్ళు ఊరికే చెయ్యలేదు' అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఊరికే చేసినవీ ఉన్నాయి, ప్రాణాల మీదికి తెచ్చినవీ ఉన్నాయి. మా అమ్మమ్మే తన తప్పు ఒక్క సాయంత్రంలో ఒప్పేసుకుంది. ఆవిడకి లేని పట్టుదల ఆవిడ మనవలకెందుకు? రాగి బిందెలో రాత్రంతా నిలవుంచిన నీళ్ళలో కొన్ని రకాల బాక్టీరియా చస్తుందన్నది పరీక్షల్లో తేలినదే, ఒప్పుకుంటాను. గుమ్మానికి కట్టిన నిమ్మకాయా మిరపకాయల్లోంచి దారం గుండా విటమిన్ సి గాల్లోకి వస్తుందన్నది మాత్రం పచ్చి అబద్ధం. విటమిన్ సి అలా ఆవిరవదు. రెండూ ఒకే మెసేజ్‌లో, ఒకే రంగు అక్షరాలతో వస్తాయి.

ఇక మీవారికి. చాదస్తం అని కొట్టిపారేస్తే జూన్‌లో జరిగేది ఏ లెక్కలో వేస్తారు? కాలవలు వదిలే రోజు కోసం ఊరి పిల్లలందరం ఎండిపోయిన కాలవలో కాచుకుని ఉండేవాళ్ళం. నెలన్నరగా మేం గోళీలాడుకున్న చోటే. దూరాన గరగరమని చప్పుడు, తర్వాత నురగ, ఎండుటాకులు, కొబ్బరి డొక్కలు, వాటిని తోసుకుంటూ జానెడెత్తు నీళ్ళు. వరద కాదు, మనిషి నడకంత నెమ్మదిగా వస్తాయి. వాటి ముందు వెనక్కి నడుస్తూ ఊరి చివర వంతెన దాకా తీసుకొచ్చేవాళ్ళం, చుట్టాల్ని తీసుకొచ్చినట్టు. వంతెన మీద అమ్మమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడి, "ఇప్పుడా రావడం? ఎంతమంది ఎదురుచూస్తన్నారో తెలుసా?" అని ఆ నీళ్ళని కడిగేసేది. ధవళేశ్వరంలో కొత్త బ్యారేజీ కడుతున్న ఏళ్ళలో ఓసారి నీళ్ళు పది రోజులు ఆలస్యమయ్యాయి. ఆ ఏడు తిట్లకి వంతెన మీద జనం పోగయ్యారు. దీనికి సైన్సూ లేదు, దీన్ని మానిపించాల్సిన అవసరమూ లేదు.

మీ అమ్మమ్మగారు ఉన్నారు కాబట్టి ఒక్క సలహా. 'ఎందుకు చేస్తావు' అని అడక్కండి. ఎందుకంటే వాళ్ళకి తోచిన గొప్ప కారణం ఒకటి చెప్తారు, లేదా మా అమ్మమ్మలా కసురుకుంటారు. 'ఎప్పట్నుంచి చేస్తున్నావు' అని అడగండి. ఏ ఏడు, అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు, అంతకుముందు ఎలా చేసేదానివి అని. నేను ఈ కిటుకు ఆలస్యంగా నేర్చుకున్నాను, అయినా ఒకసారి పనిచేసింది.

1986లో, ఆవిడ పోవడానికి ముందు ఏడాది. ఉద్యోగంలో చేరాక సెలవు పెట్టి వెళ్ళాను. మోకాళ్ళు పనిచెయ్యక మంచం మీదే ఎక్కువ. అయినా మంచం దిగితే చాలు, కాలితో తడుముకుని చెప్పుల కోసం వెతుక్కుంటోంది. అమ్మమ్మా, ఇంట్లో చెప్పులు ఎప్పట్నుంచి వేసుకుంటున్నావే అన్నాను.

"మట్టి అరుగులున్నప్పుడు వేసుకోలేదు" అంది. కాసేపాగి, "అంతా అలికిన ఇల్లు. ఏ మూల ఎలా ఉంటదో నా పాదాలకి తెలుసు. నేను పుట్టింటికెళ్ళొచ్చేసరికి మీ తాత మొత్తం తవ్వించి గచ్చు పోయించాడు. నన్నొక మాటడగలేదు. దీని మీద కాలు పెట్టనన్నాను."

అంటే దేవుడి గూటి ముందు తప్ప, ముప్పై ఏళ్ళుగా ఆవిడ ఆ గచ్చు మీద కాలు పెట్టలేదన్నమాట. చెప్పులు పెట్టింది.

"తాతయ్య పోయి పదేళ్ళయింది కదా అమ్మమ్మా, ఇంకా ఎందుకు?"

ఆవిడ నాకేసి, తెలివితక్కువ వెధవని చూసినట్టు చూసింది.

"గచ్చు ఉందిగా."